అప్పులవాడి ఐ.పి.

కృష్ణా డెల్టా పల్లెల్లో ఐ.పి., అనగా దివాలా పిటిషను, బాకీదారుడు అప్పుల బారినుండి తప్పించుకోవడానికి వేసేదిగానే ప్రసిద్ధి. అయితే 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం ఆ వెసులుబాటును అప్పులవాడికి, అనగా అప్పు ఇచ్చినవాడికి కూడా కల్పించింది. దాన్ని నమ్ముకుని తోట్లవల్లూరులో బస్సెక్కి, ఉయ్యూరులో మారి, బందరు కోర్టుకు చేరే పెద్దమనిషిని మాత్రం ఎవరూ తగినంత శ్రద్ధతో పరిశీలించలేదు. 2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం, కంపెనీల అప్పులకు హామీ పడ్డవారి విషయంలో తప్ప, అమలులోకి రాలేదు కనుక, నూరేళ్లు దాటిన ఆ పాత చట్టమే ఇతడికి నేటికీ దిక్కు.

ఇతడు వృత్తిరీత్యా వడ్డీ వ్యాపారి కాడు. లంకల్లో పసుపు, కంద, అరటి పండించగా మిగిలిన రూపాయిని ఊరికే ఉంచడం పాపమని నమ్మి, నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు మీద తెలిసినవాళ్ళకే ఇచ్చే రైతు. తెలిసినవాడైతే చాలు, మరే హామీ కోరకపోవడం ఇతడి ఔదార్యం. ఇచ్చిన సంగతి కట్టుకున్న భార్యకు కూడా చెప్పకపోవడం ఇతడి జాగ్రత్త. మూడేళ్లు నిండితే నోటుకు కాలదోషం పడుతుంది, అనగా దావాకు పనికిరాకుండా పోతుంది కనుక, గడువు దగ్గరపడేసరికి ఏ పెళ్లి భోజనాల దగ్గరో బాకీదారుణ్ణి చేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయి, నూరు రూపాయలు ముట్టినట్లు నోటు వెనుక చెల్లు రాయించి, సంతకం తడి ఆరేదాకా దాన్ని ఊదుతూ నిలబడడం ఇతడి జీవితంలో కళకు దగ్గరగా వచ్చే ఏకైక ఘట్టం.

అప్పులవాడు పిటిషను వేయాలంటే బాకీ కనీసం 500 రూపాయలుండాలని చట్టం చెబుతుంది. 1920లో గుండె ఝల్లుమనిపించిన ఆ మొత్తాన్ని ఇప్పుడు ఇతడు దారిఖర్చులకే మించిపోతాడు. అసలు షరతు వేరే ఉంది: పిటిషనుకు ముందటి మూడు నెలల్లో బాకీదారుడు ఏదో ఒక ‘దివాలా చర్య’ చేసి ఉండాలి. ఎగవేసే ఉద్దేశంతో ఆస్తిని ఇతరుల పేర రాయడం, ఇల్లు విడిచిపోవడం, అప్పులవాళ్ళకు దొరక్కుండా ఎక్కడో దాగి ఉండడం మొదలైనవి దివాలా చర్యలు. ఈ చివరి అంశంలో ఇతడి పాండిత్యం అపారం. ‘లేరు మావయ్యగారూ, పొద్దున్నే బందరు వెళ్ళారు’ అని ఇల్లాలు గుమ్మంలో చెబుతుండగా ఇతడి చూపు ఆమె మీద కాక, మెట్టు పక్కన జంటగా విడిచిన మగవాళ్ళ చెప్పుల మీదా, వసారాలో ఎవరూ లేని మడత మంచం పైన తిరుగుతున్న ఫ్యాను మీదా, సగం తాగి వదిలిన టీ గ్లాసు మీదా నిలుస్తుంది. తేదీ, వేళ జేబులోని ఎరువుల కంపెనీ డైరీకి ఎక్కుతాయి. ఏళ్ల తరబడి అదే వసారాలో టీ తాగి ‘డబ్బుకేం తొందరలేదమ్మా’ అంటూ వచ్చిన మనిషి హఠాత్తుగా రోజులు లెక్కపెట్టడం చూసి ఆ ఇల్లాలు హడలిపోవడంలో వింత లేదు.

పిటిషను నెగ్గి, బాకీదారుణ్ణి దివాలాదారుగా కోర్టు ప్రకటించిన నాటినుండి ఇతడి అసలు కష్టాలు ఆరంభమవుతాయి. దివాలాదారు ఆస్తి కోర్టుకో, ఆ ఆస్తిని అమ్మి పంచడానికి కోర్టు నియమించే రిసీవరుకో సంక్రమిస్తుంది. ప్రభుత్వ బకాయిల వంటివి ముందు తీరగా మిగిలినది అప్పులవాళ్ళందరికీ బాకీల దామాషాలో అందుతుంది. ఖర్చుల మాట అలా ఉంచితే, పిటిషను ముందు వేశాడు గదా అని ఇతడికి ఒక్క రూపాయి ఎక్కువ రాదు. తన ఒక్కడి దగ్గరే అప్పు చేశాడని ఇంతకాలం మురిసిన బాకీదారుడి జాబితాలో తోడల్లుడి పేరు, ఎరువుల కొట్టు యజమాని పేరు, ఆ పైన పాడిడబ్బులు దాచి వడ్డీకిచ్చిన సొంత భార్య పేరు చూసిన క్షణంలో ఇతడి ముఖాన్ని వర్ణించడం శాస్త్రగ్రంథాల పరిధిలోనిది కాదు. అంతకుముందే కోపం చల్లారి పిటిషను వెనక్కు తీసుకుందామనుకున్నా కోర్టు అనుమతి లేనిదే వీలుపడదు. నడపకుండా వదిలేస్తే ఇతడి స్థానంలో మరో అప్పులవాణ్ణి, బహుశా ఆ తోడల్లుణ్ణే, కోర్టు నిలబెట్టవచ్చు. వేధించడానికే వేశాడని తేలి పిటిషను కొట్టివేస్తే బాకీదారుడికే 1000 రూపాయల వరకు పరిహారం ఇప్పించవచ్చు. బాకీదారుడికి ఎదురు డబ్బు కట్టవలసివస్తుందేమోనన్న ఈ ఊహ ఒక్కటే ఇతణ్ణి వాయిదా తప్పకుండా బందరు నడిపిస్తుంది.

ఇంత జరిగినా ఇతడికి బాకీదారుడి మీద పగ నిలవదు. వంటపాత్రలు, పడకలు, కట్టుబట్టలు, సేద్యపు పనిముట్లు జప్తుకు రావని వకీలు చెప్పినప్పుడు అందరికంటే ముందు ఊపిరి పీల్చుకునేది ఇతడే. వాయిదా నాడు ఇద్దరూ ఒకే బస్సులో కలిస్తే ఇద్దరి టిక్కెట్లూ ఇతడే తీసి, ఆ పైకాన్ని రిసీవరు జాబితాలో కలిపించవచ్చునా అని దిగగానే వకీలును అడుగుతాడు. ప్రకటన తర్వాత చేసిన అప్పు ఆ జాబితాలోకి రాదనీ, దివాలాదారు తన స్థితి చెప్పకుండా 50 రూపాయలు గాని అంతకు మించి గాని అప్పు పుచ్చుకోవడం నేరమనీ వకీలు వివరిస్తాడు. ఆ స్థితి తనకు తెలియకపోతే గదా అని సమాధానపడి, టిక్కెట్టు డబ్బులకు విడిగా ఒక చిన్న నోటు రాయించడానికి రెవిన్యూ స్టాంపు ఎక్కడ దొరుకుతుందో వాకబు చేస్తాడు.