సంచి బరువు, సంచిలో సరుకు

కర్ణాటక సర్కారు 2019లో బడి సంచిని తూకం వేసింది. తొమ్మిది, పది తరగతుల పిల్లల సంచి 4 నుంచి 5 కిలోల లోపే ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. 2022 నవంబరులో బెంగళూరు బడులు ఇంకో అడుగు ముందుకేసి, సంచిలో ఏముందో చూశాయి. సెల్‌ఫోన్ల కోసం ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల సంచులు తిరగేస్తే కండోములు, గర్భనిరోధక మాత్రలు, సిగరెట్లు, లైటర్లు, వైట్నర్లు, చిన్న చేతులకు పెద్ద నోట్లు బయటపడ్డాయి. పిల్లల తరఫున ఒక్క మాట. ఒక్కో సంచిలో దొరికింది పావు కిలో కూడా ఉండదు. ఉత్తర్వును వాళ్ళు ఎక్కడా మీరలేదు.

వెంటనే తల్లిదండ్రుల మీటింగు. ఇలాంటి మీటింగుల్లో ఏ తల్లిదండ్రులైనా చెప్పేది ఒక్కటే: "మావాడు అలాంటివాడు కాదండీ, పక్క బెంచీవాడిది అయ్యుంటుంది." అందరి మాటా నిజమే అనుకుంటే బెంగళూరులోని సరుకంతా ఒకే ఒక్క పక్క బెంచీవాడిదన్నమాట. వాడు దొరికితే ఊరు బాగుపడుతుంది.

సస్పెండ్ చేస్తే బాగుండదని కొన్ని బడులు పది రోజుల దాకా సెలవు ఇచ్చి, కౌన్సెలింగ్ ఇప్పించుకోమన్నాయి. దయ గల ఆలోచనే. అమ్మ మారతహళ్ళిలో, నాన్న వైట్‌ఫీల్డులో, సాయంత్రానికి ఇద్దరూ సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో. ఎవరూ పట్టించుకోక చెడిన పిల్లాడికి పది రోజుల ఖాళీ ఇల్లు, వైఫైతో సహా.

బడిలోనే కౌన్సెలర్ లేరా అంటారేమో. ఎందుకు లేరూ, బ్రోషర్లో ఉంటారు, నవ్వుతూ, రంగుల్లో. బడిలోకి వెళ్ళి వెతికితే పీటీ సారో కంప్యూటర్ మిస్సో ఎదురవుతారు. వాల్యూ ఎడ్యుకేషన్ పీరియడుంది కానీ పోర్షన్ అవలేదని దాన్ని లెక్కల సారు ఎత్తుకుపోతారు. నిజంగా కౌన్సెలర్ ఉన్న చోట ఆ గది ప్రిన్సిపాల్ గదిని ఆనుకుని ఉంటుంది. లోపల చెప్పిన మాట వచ్చే శనివారం మీటింగులో అమ్మ నోట వినబడుతుందని ఆరో తరగతి పిల్లకు కూడా తెలుసు. ఇక ఎవరు చెబుతారు? విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బెత్తాన్ని తీసేయించింది, మంచిదే. ఆ ఖాళీలోకి సీసీ కెమెరా, డైరీలో ఎర్ర సిరా, క్లాసు వాట్సాప్ గ్రూపు వచ్చి కూర్చున్నాయి. వినే మనిషి మాత్రం రాలేదు.

ఇదంతా మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఉన్న ఊళ్ళో! రాయలసీమ నుంచి జనం రాత్రి బస్సెక్కి మనసు చూపించుకోవడానికి వచ్చే ఊళ్ళో. దేశంలో ఎవరైనా మనసులో బాధ ఉచితంగా చెప్పుకోవచ్చని 14416 నంబరుతో టెలి మానస్ మొదలైంది కూడా ఇక్కడే, 2022 అక్టోబరు 10న. అంటే సోదాలకు ఇంచుమించు నెలన్నర ముందు.

వినే మనిషి సంగతి చివరికి కోర్టే ఎత్తింది. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణంపై దాఖలైన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలంది. మార్కులను బట్టి బ్యాచీలుగా విడగొట్టొద్దని, నలుగురిలో అవమానించొద్దని కూడా అంది.

బడులు దీన్ని శిరసావహిస్తాయి, అనుమానమే లేదు. ప్రకటన ఎలా ఉంటుందో కూడా ఊహించగలను: "కౌన్సెలర్ కావలెను. పదో తరగతి గణితం చెప్పగలవారికి ప్రాధాన్యం. ఉదయం బస్సు డ్యూటీ, వారానికోసారి సంచుల సోదా తప్పనిసరి."