ఏడవని బిడ్డ

పాడేరు మన్యంలో ఒక ఆశక్క సంచిలో, పసిబిడ్డల్ని తూచే త్రాసు పక్కన ఉంటాను. థర్మామీటర్ని. నన్ను బయటికి తీస్తే చాలు, “జొరమా?” అని అడుగుతారు. ఒళ్లు కాలిపోతుంటే తల్లి అరచేతికే తెలుస్తుంది. ఒళ్లు చల్లబడుతుంటేనే చాలాసార్లు ఎవరికీ తెలియదు. నా అసలు పని అక్కడ.

మా పాదరసం పెద్దల గీతలు 94, 95 ఫారన్‌హీట్ దగ్గరే మొదలయ్యేవి. 92కి దిగిపోయిన బిడ్డ ఒళ్లో పెట్టినా అంతకంటే కిందికి చెప్పలేకపోయేవారు. పాపం, జ్వరం కోసం పుట్టినవాళ్లు.

ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 3వ రోజు మొదలు 42వ రోజు దాకా ఆరుసార్లు వెళ్తాం. ఈ ఇంటింటి సేవకు బాట వేసింది 1990లలో గడ్చిరోలి పల్లెల్లో ఊరి ఆడవాళ్లకే పసిబిడ్డల వైద్యం నేర్పిన అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు.

జనవరిలో ఒక పొద్దున. గుమ్మం దాకా మంచు. “పిల్లడు బంగారమమ్మా, రేత్రంతా ఏడుపే నేదు” అంది నాయనమ్మ మురిసిపోతూ. ఆ మాటతోనే ఆశక్క గబగబా చేతులు కడిగి, తుడుచుకుని, రెండు అరచేతులూ రుద్దుకుంది. బిడ్డ పాదాలు చల్లగా ఉన్నాయి. పొట్టా చల్లగానే ఉంది. తెల్లారే తలంటారట, జుట్టింకా తడి.

పసికందులు పెద్దవాళ్లలా వణకరు. మెడ వెనకా భుజాల మధ్యా ఉన్న కాస్త కొవ్వునే కరిగించుకుని వెచ్చబడతారు. అదీ చాలకపోతే నీరసించి పాలు చీకడం మానేస్తారు. పాలు లేకపోతే ఇంకా చల్లబడతారు. చూసేవాళ్లకు మాత్రం బుద్ధిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. నాకు భయం వేసేది ఆ నిద్రంటేనే.

చంక పొడిగుడ్డతో తుడిచి, నా కొసను ఆ మడతలో నిలిపి, బొటనవేలంత చేతిని ఒంటికి ఆనించి పట్టుకుంది. చిక్కుడు గింజ పట్టేంత చోటు. కూత పెట్టాను: 95.2. కనీసం 97.7 ఉండాలి. 95.9 దిగితే ఆసుపత్రే.

నాయనమ్మ కుంపటి తెస్తానంటే ఆశక్క వద్దంది. తల తుడిచి టోపీ పెట్టి, తడి బట్టలు విప్పి, బిడ్డను తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి దుప్పటి చుట్టింది. 1978లో బొగొటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టిన కంగారూ పద్ధతి ఇదే. ఆశక్క 108 అంబులెన్సుకు ఫోన్ చేసింది.

ఘాట్ రోడ్డు మీద మళ్లీ పెట్టింది. 96.4. కూత ఇంకా ఆగలేదు, బిడ్డ గుక్కపట్టి ఏడుపందుకున్నాడు.