తడినేల సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “జాగ్రత్త! నేల తడిగా ఉంది.”

అవతారిక. కువైట్‌లోని ఫర్వానియా గవర్నరేటులో రిగ్గై అనే పేట ఉంది. అక్కడ అపార్టుమెంట్ల కింది బకాలాల్లో, అంటే చిల్లర కిరాణా కొట్లలో, ఈ సూత్రం తరచుగా దర్శనమిస్తుంది. కర్త అజ్ఞాతుడు. అరబిక్‌లోనూ ఇంగ్లీషులోనూ పసుపు ప్లాస్టిక్ పలక మీద అచ్చయి ఉంటుంది. (నిజామాబాదు రైతులు ఏళ్ల తరబడి అడిగిన పసుపు బోర్డు వేరు, ఇది వేరు.) అక్షరాలు రానివారి కోసం ఒక బొమ్మ కూడా ఉంటుంది: కాలు జారి, చేతులు గాల్లోకి లేపి, వెల్లకిలా పడబోతున్న ముఖం లేని మనిషి. పలక కాలు విరిగితే సెల్లో టేపు చుట్టి నిలబెడతారు. తలుపు మూసుకుపోకుండా దాన్నే అడ్డం పెట్టే చోట్లూ ఉన్నాయి.

ప్రతిపదార్థం. నేల = ఫ్రీజరుకూ కౌంటరుకూ మధ్యనున్న టైల్స్; తడిగా = ఇప్పుడే తుడిచిన డెట్టాల్ నీళ్లతో గానీ, పొద్దుట్నుంచీ ఫ్రీజరు కింద కారుతున్న నీళ్లతో గానీ; ఉంది = ఉంది, ఉండొచ్చు, నిన్న ఉండేది; జాగ్రత్త = ఓ కొనేవాడా, పడితే నాది పూచీ కాదు.

ఈ చివరి అర్థం మూలంలో ఎక్కడా లేదు. యజమాని తన మనసులోంచి తెచ్చి అధ్యాహారం చేసుకున్నాడు. గొడవంతా దానితోనే.

దీని మీద అమెరికా శాఖవారు చేసినంత సూక్ష్మ విచారణ మరెవరూ చేయలేదు. వారి మతంలో నిర్లక్ష్యానికి నాలుగంగాలు: జాగ్రత్త పడాల్సిన బాధ్యత ఉండాలి, అది తప్పాలి, తప్పడం వల్లే ప్రమాదం జరగాలి, జరిగి దెబ్బ తగలాలి. ఈ నాలుగింటికీ ఉదాహరణగా వారు అరటితొక్కను పట్టుకున్నారు. రైలు దిగిన ఒకాయన ప్లాట్‌ఫారం మీద తొక్కమీద కాలేసి జారి, బోస్టన్ అండ్ మెయిన్ రైల్వే మీద దావా వేశాడు. 1901లో మసాచుసెట్స్ ప్రధాన న్యాయమూర్తి ఆలివర్ వెండెల్ హోమ్స్ నాలుగు ముక్కల్లో కొట్టేశాడు. దిగే ప్రయాణికుల్లో ఎవరో నిమిషం కిందటే దాన్ని పడేసి ఉండొచ్చు, రైల్వేవాళ్లకు చూసే వ్యవధి ఏదీ అన్నది ఆయన ప్రశ్న. 1911లో అదే రాష్ట్రంలో బోస్టన్ ఎలివేటెడ్ రైల్వే ప్లాట్‌ఫారం మీద ఒకామె పడింది. ఈసారి సాక్షులు తొక్కను తనివితీరా వర్ణించారు: నల్లబడింది, ఎండింది, మట్టి కొట్టుకుంది, జనం కాళ్ల కింద అణిగిపోయింది. ఆమె గెలిచింది. తార్కికులు పొగను చూసి నిప్పును ఊహించినట్టే ఇక్కడ నలుపు హేతువు, గడిచిన కాలం సాధ్యం. మగ్గిన కొద్దీ కేసు బలపడే పండు అరటి ఒక్కటే.

కాగితానికి ఆ సౌకర్యం లేదు. న్యూయార్క్ మ్యూజియం మెట్ల మీద మైనపు కాగితం వల్ల జారానన్న మనిషి 1986లో ఓడిపోయాడు. అది ఎప్పట్నుంచి అక్కడ పడి ఉందో చూపలేకపోవడమే కారణం.

పలక దగ్గరికొస్తే ఈ శాఖవారి తీర్పు రెండు వైపులా కోస్తుంది. హెచ్చరించినందుకు యజమాని బరువు కొంత దిగుతుంది. కానీ “తడి సంగతి నాకు తెలియదు” అని తప్పుకునే దారి మూసుకుపోతుంది. పైగా నీళ్లు ఆరాక కూడా పలక అక్కడే ఉంటుంది. తడి ఉన్నా లేకున్నా కనిపించే గుర్తు తడిని నిరూపించదు. తర్కశాస్త్రంలో దీన్ని సవ్యభిచార హేతువంటారు. రోజూ వచ్చేవాళ్లు దాన్ని చూడడమే మానేస్తారు.

ఇక కువైట్ శాఖ. 1980 నాటి 67వ నంబరు సివిల్ కోడ్‌కు ముందు ఒకప్పుడు అక్కడ ఒట్టోమన్ల పౌరస్మృతి మజల్లా నడిచేది. అందులో చేతులారా హాని చేసినవాడు ఉద్దేశం లేకపోయినా బాధ్యుడే. కారణం మాత్రం కల్పించినవాడి విషయంలో ఉద్దేశం ఉందని చూపాలి. నీళ్లు ఒలకబోసినవాడు తోసినవాడు కాడు గనక హాయిగా ఉండేవాడు. కొత్త కోడ్ 227వ అధికరణంలో ఆ హాయి లేదు. తప్పు వల్ల హాని జరిగితే, నేరుగా చేసినా కారకుడైనా పరిహారం కట్టాల్సిందే. 243వది ఇంకా ముందుకెళ్లి, ప్రత్యేక శ్రద్ధ కావలసిన వస్తువులను వాటి సంరక్షకుడి మెడకు చుట్టింది: వాహనాలు, యంత్రాలు, కరెంటు తీగలు, జంతువులు, భవనాలు, ఇంకా స్వభావం వల్ల గానీ ఉన్న స్థితి వల్ల గానీ ప్రమాదకరమైన ఏదైనా.

గడుసు లాయరుకు ఈ “ఉన్న స్థితి” చాలు. పొడి నేల స్వభావం చేత సాధువు. తడిస్తేనే ప్రమాదం. ఆ సంగతి చెప్పిందెవరు? పలక. పెట్టిందెవరు? యజమాని. కవచమని నిలబెట్టినది వాఙ్మూలమై కూర్చుంటుంది. పడినవాడి చేష్ట వల్లే ప్రమాదం జరిగిందని నిరూపించుకుంటే యజమాని బయటపడొచ్చు. పాలప్యాకెట్ చేతబట్టుకుని ఇమో యాప్‌లో ఇంటికి వీడియో కాల్ చేస్తూ నడిచేవాళ్లు ఈ వాదానికి బాగా పనికొస్తారు.

శరీరానికి దెబ్బ తగిలినప్పుడు కువైట్‌లో దియా, అంటే ప్రాణానికీ అవయవాలకూ కట్టే పరిహారం, లెక్క కూడా వస్తుంది. కోడ్ రాసినప్పుడు పూర్తి దియా 10,000 దినార్లు. సంప్రదాయ ఇస్లామీయ ధర్మశాస్త్రం (ఫిఖ్) లెక్కలో ఒక చేతికి సగం, ఒక్కో వేలికి పదో వంతు. అరటితొక్క వయసు లెక్కగట్టే శాఖ పక్కన వేళ్లు లెక్కపెట్టే శాఖ మొరటుగా కనిపించవచ్చు గానీ, పడినవాడికి ఈ లెక్కే త్వరగా అర్థమవుతుంది.

వ్యాఖ్యాతలందరూ కొనేవాణ్ణే పడేశారు. ఆ నేల మీద పొద్దుట్నుంచి రాత్రిదాకా తిరిగేది తుడిచే కుర్రాడు, రాజంపేటవాడో రాయచోటివాడో. ప్రైవేటు సంస్థల పనికిచ్చే షూన్ వీసా మీద ఉంటే 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం వర్తిస్తుంది. పనిలో పడినా, పనికి వెళ్లివచ్చే దారిలో పడినా పని ప్రమాదమే. చికిత్స కాలంలో ఆరు నెలలదాకా పూర్తి జీతం, ఆపైన సగం. ఇంటిపనికిచ్చే ఖాదిం వీసా మీద వచ్చి బకాలాలో పనిచేస్తున్నవాడైతే ఆ చట్టం అతన్ని ఎరగదు. ఇంటిపనివారికి 2015లో వేరే చట్టం చేశారు, అతను ఉన్నదేమో ఇంట్లో కాదు. వీసా ఇచ్చిన యజమాని (కఫీల్) దగ్గర కాక మరొకరి దగ్గర పనిచేయడమే తప్పు గనక, పడగానే అతను ముందు చూసేది మోకాలిని కాదు, ఎవరైనా చూశారా అని.

ఫలశ్రుతి. హాని సంగతీ, దానికి బాధ్యులెవరన్నదీ తెలిసిన రోజు నుంచి దావాకు గడువు మూడేళ్లు. కోర్టుల సముదాయం రిగ్గైలోనే ఉంది, కుంటుకుంటూ అయినా వెళ్లొచ్చు. కాగితాలు అరబిక్‌లో ఉండాలి. ఆసుపత్రి రిపోర్టు, ఆనాడు తీసిన నేల ఫొటో వెంట తీసుకెళ్లాలి. ఫొటోలో పసుపు పలక కూడా పడి ఉంటే అది ఎవరి తరఫు సాక్షి అవుతుందో ముందే లాయరును అడిగి పెట్టుకోవాలి.