గాలాల పెళ్లి

అమెరికాలో వేట, చేపల సరుకులమ్మే రెండు మహా దుకాణాలకు 2016 అక్టోబరులో సంబంధం కుదిరింది. 2017 సెప్టెంబరులో బాస్ ప్రో షాప్స్ కెబెలాస్ మెడలో తాళి కట్టేసింది. "ధరలు పెంచేస్తారేమో, మా కార్డు పాయింట్లేం కాను?" అని కొనేవాళ్లు లబోదిబోమన్నారు. పాయింట్లకేం, పదిలం! కెబెలాస్ మకాం వేసిన నెబ్రాస్కాలోని సిడ్నీలో, ఊడినవి ఉద్యోగాలే.

మన ఛత్తీస్‌గఢ్ బచేలిలో ఆ బెంగ లేదు. బైలాడిల్లా కొండ ఇనుము రైలెక్కి విశాఖ పోతుంది, గాలం మాత్రం బయటినుంచే రావాలి. సంతలో గాలాలు తాతవి, వలలు అవ్వవి, గోనెపట్టా ఒకటే. వాళ్ల విలీనానికి ఏ అనుమతులూ అడగలేదు. రేటు తగ్గించమంటే చాలు, ఇద్దరూ ఏకకంఠంతో తిడతారు.