ఉప్పల్ స్కోరుబుక్కు కథ

స్కోరుబుక్కులో బ్యాటర్ కొట్టిన ప్రతి పరుగూ రెండు చోట్ల పడుతుంది. బ్యాటర్ పేరు ఎదురుగా ఒకసారి, బౌలర్ ఓవరు గడిలో ఇంకోసారి. ఇన్నింగ్స్ అయ్యాక బ్యాటర్ల పరుగులకు ఎక్స్‌ట్రాలు కలిపితే వచ్చే మొత్తం, బౌలర్లు ఇచ్చిన పరుగులకు బైలూ లెగ్‌బైలూ కలిపితే వచ్చే మొత్తం ఒకటి కావాలి. కాకపోతే స్కోరర్లిద్దరూ గడి గడీ వెనక్కి వెళ్లి, తేడా దొరికేదాకా బల్ల దగ్గర్నుంచి లేవరు. ఈ కథలోని స్కోరుబుక్కు అదే గుణంతో పుట్టింది.

దీని కుట్టుపని నాచారం పారిశ్రామికవాడలోని ఒక బైండింగ్ షెడ్డులో జరిగింది. అక్కడి నుంచి ఉప్పల్ చేరింది. ఉప్పల్ అనగానే అందరికీ పెద్ద స్టేడియం గుర్తొస్తుంది. 2005 నవంబరు 16న భారత్, దక్షిణాఫ్రికా వన్డే, 2010 నవంబరులో న్యూజిలాండ్‌తో ఆ మైదానపు తొలి టెస్టు జరిగాయి. అంత పెద్ద మ్యాచ్‌ల స్కోరు ఇప్పుడు కంప్యూటర్‌లోకి వెళుతుంది. ఈ పుస్తకం లీగ్ మ్యాచ్‌లది, షామియానా కింద బల్ల మీద బతికింది. సగం నిండాక ఒక విశ్రాంత స్కోరరు చేతికి వచ్చింది. మిగిలిన ఖాళీ పుటల్లో ఆయన సి.కె. నాయుడు జీవితచరిత్రను, మ్యాచ్ స్కోరును సరిచూసినట్టే సరిచూశాడు.

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టాడు. భారత జట్టుకు తొలి టెస్టు కెప్టెన్. లీగ్ కుర్రాళ్లకు ఆయన గురించి చెప్పే నాలుగు ముక్కల్లో మూడు కథలే ఉంటాయి. ఆ కథల్లో ఏది నిలబడుతుంది, ఏది పడిపోతుంది అన్నది తేల్చడమే ఆ పుటల పని.

మొదట లార్డ్స్. 1932 జూన్ 25న మొదలైన ఆ టెస్టులో ఇంగ్లండ్ 259, 8 వికెట్లకు 275 డిక్లేర్డ్. భారత్ 189, 187. ఒక పక్క 534, రెండో పక్క 376, తేడా 158. భారత్ 158 పరుగులతో ఓడిందన్న వాక్యం నిలిచింది. మొదటి ఇన్నింగ్స్‌లో జట్టులో అందరికంటే ఎక్కువ కొట్టినవాడు నాయుడే, 40. మొత్తం 7 టెస్టులు, 14 ఇన్నింగ్స్, 350 పరుగులు, ఒక్కసారీ నాటౌట్ లేదు కాబట్టి సగటు 25.00. ఇవన్నీ పెన్సిలుతోనే తేలే సంగతులు. పాత కార్డులు కూడేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త కావాలి. 1980లకు ముందు వైడ్లు, నోబాల్స్ బౌలర్ లెక్కలో పడేవి కావు. ఆ సంగతి తెలియకుండా నేటి పద్ధతిలో కూడితే సరైన కార్డు కూడా తప్పుగా కనిపిస్తుంది.

వయసు దగ్గర కూడికకు బదులు తీసివేత చాలు. రంజీలో ఆయన చివరి సీజన్ 1956–57, ఉత్తరప్రదేశ్ తరఫున. అప్పటికి 62 ఏళ్లని చాలా చోట్ల అచ్చయింది. పుట్టిన తేదీ సరైనదైతే 1957 అక్టోబరు చివరిదాకా ఆయనకు నిండినవి 61. అరవై దాటి రంజీ ఆడటమే అబ్బురం. దానికి లేని ఏడాది కలపనక్కర్లేదు.

కూడిక ఎంతవరకు పనికొస్తుందో 1926 డిసెంబరు నాటి బొంబాయి జింఖానా ఇన్నింగ్స్ చూపిస్తుంది. హిందూ జట్టు తరఫున ఎం.సి.సి. మీద నాయుడు కొట్టిన 153లో 11 సిక్సర్లున్నాయి. అవే 66 పరుగులు. మిగిలిన 87లో 13 ఫోర్లు పోతే 35 పరుగెత్తి తీసినవి. 13కు బదులు ఎవరైనా 14 అని రాసినా 153కు ఏ అడ్డూ రాదు. అసాధ్యమైన అంకెను లెక్క పట్టిస్తుంది కానీ, సాధ్యమైన రెండింటిలో నిజమేదో చెప్పలేదు. దానికి ఆనాటి బ్యాటర్ వరుసే కావాలి.

1916 కథకు ఆ వరుస కూడా చాలదు. బొంబాయి చతుర్ముఖ పోటీలో యూరోపియన్ల మీద తొలి మ్యాచ్ ఆడుతూ, మూడు బంతులు ఆపి నాలుగోదాన్ని సిక్సర్ కొట్టాడని చెబుతారు. మామూలు స్కోరుబుక్కులో బ్యాటర్ వరుసలో పరుగులొచ్చిన బంతులే ఉంటాయి. పరుగు రాని బంతికి చుక్క పడేది బౌలర్ గడిలోనే. కాబట్టి ఆయన మొదటి పరుగులు సిక్సర్‌తో వచ్చాయా అన్నది బ్యాటర్ వరుస చెబుతుంది. అది నాలుగో బంతా అన్నది బౌలర్ల పుట ఉంటేనే, ఎవరు ఎప్పుడు ఎటు నిలబడ్డారో అంచనా వేస్తూ పోతేనే తేలుతుంది. అచ్చులో మిగిలిన కార్డు ఈ రెండూ చెప్పదు.

అన్నిటికంటే ఎక్కువ పెన్సిలు అరిగింది ఎడ్జ్‌బాస్టన్ సిక్సర్ దగ్గర. 1932 పర్యటనలో వార్విక్‌షైర్ మీద నాయుడు కొట్టిన బంతి రే నది దాటి పక్క కౌంటీ వూస్టర్‌షైర్‌లో పడిందని కథ. గడిలో పడే అంకె 6. బంతి తాడు పక్కన పడినా నది ఆవల పడినా అదే 6. ఇక్కడ రెండో సాక్ష్యం పటం. సర్వే శిక్షణ సంస్థ ఉన్న ఉప్పల్‌లో పటం చదవగలవాళ్లకు కొదవ లేదు. మైదానం పక్కగా రే నది పారుతుంది. ఒకప్పుడు దాని ఆవలి ఒడ్డు వూస్టర్‌షైర్‌దే. కానీ ఆ ఒడ్డున ఉన్న బాల్సాల్ హీత్ 1891లోనే బర్మింగ్‌హామ్‌లో కలిసింది. దానికి దక్షిణాన ఉన్న కింగ్స్ నార్టన్ ప్రాంతం 1911లో కలిసింది. వాటితో పాటు కౌంటీ హద్దూ జరిగింది. 1932 నాటికి నదికి రెండు ఒడ్లూ వార్విక్‌షైర్‌వే. బంతి నది దాటి ఉండవచ్చు, కౌంటీ దాటలేదు. ఆ పర్యటనలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో ఆయన చేసిన 1,618 పరుగులు, తీసిన 65 వికెట్లు, 1933లో విజ్డెన్ క్రికెట్ వార్షికం ఎంపిక చేసిన ఐదుగురు ఆటగాళ్లలో చోటు, ఇవన్నీ హద్దు జరిగినా చెక్కుచెదరవు.

ఇంటిపేరు ఒక్కటే రాసిన కార్డు మరో చిక్కు. తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడా టెస్టులు ఆడాడు, హోల్కర్ జట్టులో అన్నతో కలిసి ఆడాడు. 1944–45 రంజీ ఫైనల్లో 152.5 ఓవర్లు, అంటే 917 బంతులు వేసినది తమ్ముడు. మొదటి అక్షరాలు వదిలేస్తే ఒకరి చెమట మరొకరి ఖాతాలో పడుతుంది.

స్కోరుబుక్కులు దక్కనివాళ్ల గతి ఇంకా కష్టం. అమెరికాలో నల్లజాతి ఆటగాళ్లను మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోకి రానివ్వని కాలంలో వాళ్లు తమ లీగ్‌లలో ఆడారు. ఆ పుస్తకాలు చాలావరకు పోయాయి. పరిశోధకులు పిట్స్‌బర్గ్ కొరియర్, షికాగో డిఫెండర్ వంటి నల్లజాతి పత్రికల్లో అచ్చయిన మ్యాచ్ వివరాలను ఒక్కొక్కటే ఏరి, ప్రత్యర్థి ఊరి పత్రికతో పోల్చి కూర్చారు. ఆ లీగ్‌లలో ఆడిన జోష్ గిబ్సన్ దాదాపు 800 హోమ్‌రన్లు కొట్టాడని ఆయన స్మారక ఫలకం చెబుతుంది. అందులో లీగ్ బయట, ఊరూరా ఆడినవీ ఉన్నాయి. లీగ్ మ్యాచ్‌లలో కాగితంతో రుజువైనవి 200 లోపే. అయినా ఈ లెక్కింపు ఆయన్ను తగ్గించలేదు. 2024లో ఆ లీగ్‌ల గణాంకాలు మేజర్ లీగ్ లెక్కల్లో కలిసినప్పుడు, .372 బ్యాటింగ్ సగటుతో గిబ్సన్ టై కాబ్‌ను దాటి అన్ని కాలాల జాబితాలో మొదటి స్థానానికి వచ్చాడు. 1947 జనవరిలో, ఆ నిషేధాన్ని దాటి జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్ గడప తొక్కడానికి మూడు నెలల ముందు చనిపోయిన మనిషికి ఆ న్యాయం జరిగింది పాత పత్రికలు దాచినవాళ్ల వల్లే.

ఉప్పల్, నాచారం, రామంతాపూర్ మైదానాల్లో ఆడే కుర్రాళ్లలో ఎవరి జీవితచరిత్ర రేపు అవసరమవుతుందో ఎవరికీ తెలియదు. క్లబ్బుల బీరువాల్లో, అటకల మీద ఉన్న పాత స్కోరుబుక్కులను పాత కాగితాల తూకానికి వేయవద్దు. తేదీ, మైదానం, ఆటగాళ్ల పూర్తి పేర్లు మొదటి పుట మీద రాసి దాచండి. బౌలర్ల పుటలు చింపవద్దు.