క్యారమ్స్ విరహ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
బల్ల గలదు తెల్ల పౌడరు గలదయ్య
రాణి గలదు కాయరాశి గలదు
ఎదుట కూరుచుండి యెగతాళి చేయగా
ఒక్కడైన లేడె యూరిలోన

అవతారిక: గుంటూరు సందుల్లో పెరిగి, అమెరికాలో డెట్రాయిట్ పక్కన స్థిరపడిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, శనివారం రాత్రి ఒంటరిగా స్ట్రైకరు కొట్టుకుంటూ చెప్పుకున్న పద్యమిది.

ప్రతిపదార్థం: తెల్ల పౌడరు = బోరిక్ పౌడరు (చిన్నప్పుడు అమ్మ ముఖానికి రాసుకునేదే బోర్డుకెక్కేది; తిట్లు అదనం); రాణి = రెడ్డు; కాయరాశి = నల్లవి 9, తెల్లవి 9. ఇది వైరిసమాసమని పండితులు అనవచ్చు. అననివ్వండి.

బల్ల = సుమారు 74 సెంటీమీటర్ల చదరం. సూట్‌కేసులో పట్టదు. అందుకని కవి ఆన్‌లైన్‌లో క్యారమ్ అని వెతికి ఒకటి తెప్పించాడు. విప్పి చూస్తే మూలల్లో వల సంచులు, నడుమ చిల్లున్న రింగులు, వెనకవైపు చెకర్స్ గడులు! మోసమేమీ జరగలేదు. అదీ క్యారమే. డెట్రాయిట్ ఉన్న ఈ మిషిగన్ రాష్ట్రంలోనే, లడింగ్టన్ అనే ఊళ్లో, హెన్రీ హాస్కెల్ అనే సండే స్కూలు మాస్టారు 1890ల్లో తయారుచేసిన ఆట. పద్యంలోని బల్ల ఇది కాదు. ఆ తర్వాత ఇండియన్ షాపులో కొన్నది.

రాణి గలదు: రెడ్డు వేస్తే చాలదు, వెంటనే ఇంకో కాయ వేసి కవర్ చూపించాలి. లేదంటే రెడ్డు మళ్లీ నడిమికి వస్తుంది. ఒంటరి ఆటలో ఈ సంగతి గుర్తుచేసేదెవరు? కవరు పడకుండానే కవి మూడుసార్లు రెడ్డు ఖాతాలో వేసుకున్నట్టు వ్యాఖ్యాతకు తెలుసు.

‘గలదు’కూ ‘ఎదుట’కూ నడుమ విసంధి దోషం. ఊరు వదిలినవాడికి సంధి ఎక్కడ కుదురుతుంది?

ఒక్కడైన లేడె: అతిశయోక్తి. డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్లకు కరువు లేదు. 2024లో క్యారమ్ ప్రపంచ కప్పే అమెరికాలో జరిగింది. చెన్నై ఆటో డ్రైవరు కూతురు కాజిమా మూడు స్వర్ణాలు గెలుచుకెళ్లింది. అయితే కవి ‘ఆడగా’ అనలేదు, ‘యెగతాళి చేయగా’ అన్నాడు. పద్యమంతా ఆ మాటమీదే నిలిచింది.

గుంటూరులో ఆడేది నలుగురు, మీద పడి చూసేది ఏడుగురు. ఒకడు “రీబౌండు కొట్టరా” అంటాడు. అలాగే కొట్టి తప్పితే వాడే “కళ్లజోడు వేయించుకోరా” అంటాడు. పిలవకుండా వస్తారు, పొమ్మన్నా పోరు. ఇక్కడ రెండు వారాల ముందు మెసేజి పెట్టి టైము ఖాయం చేసుకోవాలి. వచ్చినవాళ్లు చెప్పులు వరసగా విడిచి, సమోసాలు తింటూ, తప్పిన దెబ్బకు కూడా “నైస్ షాట్ అండీ” అంటారు.

పాఠాంతరం: కవి భార్య రాసుకున్న ప్రతిలో నాలుగో పాదం ‘ఒక్కతున్నదింట నోపలేవొ’ అని ఉంది. మొన్న ఆమె 25-4తో గెలిచిన రాత్రి నుంచి కవి ఈ పాఠం ప్రక్షిప్తమంటున్నాడు.