మారాం కోళ్ల బావగారు

కోళ్ల కంపు పడక భీమవరం పక్క పల్లె నుంచి పారిపోయి వచ్చిన కుర్రాడు, నలభై అయిదో ఏట అదే కంపును డబ్బు పోసి మేడ మీదికి తెచ్చుకుంటే, అతణ్ణి బెంగళూరులో టెర్రస్ ఫార్మర్ అంటారు. కె.ఆర్.పురం నుంచి హోస్కోటే దాకా, థర్టీ ఫార్టీ సైటులో ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్లలో ఈ జాతి విరివిగా కనిపిస్తుంది. మెడలో కంపెనీ ట్యాగు, కాళ్లకు గమ్‌బూట్లు, ఫోన్ నిండా కోడిపిల్లల ఫొటోలు... ఇవీ ఆనవాళ్లు. ఈ జాతిలో నేను దగ్గరగా చూసిన మేలురకం మా బావగారు.

ఆయనకు మామూలు కోడి ఆనదు. హెబ్బాళ వెటర్నరీ కాలేజీలో పుట్టిన గిరిరాజ ఉంది, మన రాజేంద్రనగర్‌లో పుట్టిన వనరాజా ఉంది, పెంచుకోకూడదా అన్నాను. "అవి అందరి దగ్గరా ఉంటాయోయ్" అన్నారు, అదేదో వాటి తప్పయినట్టు. అందుకని మారన్స్ తెచ్చారు. ఫ్రాన్సు పడమటి తీరాన ఆ పేరుతో రేవు ఊరొకటి ఉంది. ఓడల్లో దిగిన పందెం కోళ్లు అక్కడి నాటు పెట్టలతో కలిశాయి, తర్వాత చైనా లాంగ్‌షాన్ రక్తం తోడయింది. దాంతో గుడ్డుకు చాక్లెట్ రంగు వచ్చింది. "జేమ్స్‌బాండ్ ఫలహారానికి ఈ గుడ్డే తినేవాడు, తెలుసా?" అంటారు బావగారు. నిజమే, 1957లో వచ్చిన ఇయాన్ ఫ్లెమింగ్ నవలలో ఆ ముక్క ఉంది. బాండ్ తిన్నాడు. బావగారింట్లో మాత్రం ఆ గుడ్డు ముట్టే హక్కు ఎవరికీ లేదు.

చివరి 'స్' పలకకూడదట, 'మరాఁ' అని ముక్కుతో అనాలట. ఇంట్లో అందరికీ ఉచ్చారణ నేర్పారు. ఊళ్లో ఉన్న అత్తయ్యగారు, అంటే బావగారి అమ్మ, ఫోన్లో రెండుసార్లు ప్రయత్నించి, "మారాం కోళ్లా? పేరు బాగానే పెట్టార్రా" అన్నారు.

ఎవరో ఔత్సాహికుడి దగ్గర డజను గుడ్లు కొని, వాటికి నంబర్లు రాసి, ఇంక్యుబేటర్లో పెట్టారు. ముప్పై ఏడున్నర డిగ్రీల వేడి, 21 రోజుల గడువు. అక్క రెండు కాన్పులప్పుడూ ఆఫీసులోనే ఉన్న మనిషి, ఈ 21 రోజులూ ఇంటి నుంచి పనిచేశారు. ఏడు పిల్లలయ్యాయి. ఆరు పెట్టలు, ఒక్క పుంజు.

ఆ పుంజు నాలుగో నంబరు గుడ్డులోంచి వచ్చింది. డజనులో అన్నిటికన్నా నల్లటి గుడ్డు అదే. పుంజు గుడ్డు పెట్టదు గానీ, గుడ్డు రంగు జన్యువులు కూతుళ్లకు అందించడంలో దానికీ వాటా ఉంది. రంగు చూడడానికి ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలున్న కార్డు ఉంటుంది. నాలుగుకు తగ్గితే అది మారన్స్ గుడ్డు కాదు. పెంకు గట్టిపడ్డాక చివరి గంటల్లో పైన పూసే పూత ఆ రంగు. కాబట్టి పెట్ట గుడ్లు పెట్టేకొద్దీ రంగు పలచబడుతుంది. మొదట్లో ఏడు దాకా వచ్చిన గుడ్లు రెండు నెలల్లో ఇరానీ చాయ్‌కి దిగాయి. బావగారు రోజూ పొద్దున్నే కార్డు పక్కన గుడ్డు పెట్టి, ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగిని చూసినట్టు పెట్టను చూసేవారు. ఆశలన్నీ ఇక నాలుగో నంబరు మీదే.

ఆ నాలుగో నంబరుకు ముళ్లు మొలిచాయి. ఒకరోజు నీళ్ల బకెట్‌తో వెళ్లిన బావగారి పిక్కలు పట్టుకుంది. మర్నాటి నుంచి ఆయన క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని, బ్యాడ్మింటన్ రాకెట్ పట్టుకుని మేడెక్కడం మొదలెట్టారు. ఆయనకు శాస్త్రం తెలియక కాదు. "దాని కంటికి మనమూ పుంజులమే. పరిగెత్తామా, ఓడినట్టు. తన్నామా, పందేనికి సై అన్నట్టు" అని నాకు బోధించారు. బోధించిన అరగంటకు ఆయనే దాన్ని తన్ని, ఆపైన పరిగెత్తారు.

పొడిచే పుంజును పెంపకానికి ఉంచకూడదు, ఆ గుణం పిల్లలకు వస్తుంది. అదీ ఆయనకు తెలుసు. కానీ రంగో? "రంగు చూసి కుదుర్చుకున్నాక గుణం గురించి ఏడిచి ఏం లాభం?" అంది అక్క. ఎవరి గురించో చెప్పలేదు.

నాలుగో నంబరు తెల్లవారుజామున నాలుగింటికే కూసేది. పక్కింటి కన్నడ పెద్దాయన గోడ మీంచి, "నిమ్మ హుంజక్కె గడియార ఇల్వా?" అన్నారు. పాలు హాలైనట్టు, పులి హులైనట్టు, పుంజు అక్కడ హుంజ. దానికి లోపలే గడియారం ఉంటుందనీ, వెలుగు మారని మసక గదిలో పెట్టినా వేళకు కూస్తుందనీ జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో తేల్చారనీ బావగారు వివరించారు. అంతటితో ఆగితే ఆయన బావగారెందుకవుతారు? మారన్స్ ఊరున్న జిల్లాలోనే మోరిస్ అనే పుంజు మీద పొరుగువాళ్లు కేసు వేస్తే, 2019లో కోర్టు పుంజు పక్షానే తీర్పిచ్చిందని చెప్పారు. పెద్దాయన శ్రద్ధగా విని, "హౌదా? అయితే దాన్ని ఆ కోర్టు పక్కనే పెట్టి రండప్పా" అన్నారు.

ఇంతలో అత్తయ్యగారు ఊరి నుంచి దిగారు. కాఫీ తాగి, గుప్పెడు నూకలు పట్టుకుని మేడెక్కారు. నాలుగో నంబరు ఎగిరింది. ఆవిడ గాల్లోనే రెక్కలు కలిపి పట్టి, చంకలో ఇరికించుకుని, తల మెల్లగా కిందికి వంచి, ఏమీ జరగనట్టు కరివేపాకు కోసుకుంటూ పది నిమిషాలు తిరిగారు. దించేసరికి అది గుడ్లప్పగించి నిలబడింది. బావగారూ అంతే.

"ఒరేయ్ అబ్బాయ్, మనూళ్లో పందెం కోడి డేగైనా కాకైనా సాటి పుంజును చీలుస్తుంది గానీ మనిషిని పొడవదు. పొడిచేదాన్ని చేత్తో పట్టుకుని బరిలోకి ఎవడు దింపుతాడ్రా? రోజూ ఒళ్లు తడిమి, బాదంపప్పు నోట్లో పెట్టి పెంచుతారు. నువ్వు ఫొటోలు తీయడం తప్ప ఎప్పుడైనా ముట్టుకున్నావా? పైగా రొమ్ము విరుచుకుని, బూట్లు టపటపలాడిస్తూ వెళ్తావు. అచ్చం పుంజు నడక. దాని తప్పేముంది?"

ఆ నడక నాకూ తెలుసు. ఫోన్లో మీటింగ్ నడిపేటప్పుడు హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకు ఆయన నడిచేది అలాగే. గొంతు లేచినప్పుడు మెడ కూడా లేస్తుంది.

వెళ్లే ముందురోజు అత్తయ్యగారు రంగు బాగున్న గుడ్లు నాలుగు ఏరి పులుసు పెట్టారు. ఒలిచాక అన్నీ తెల్లగానే ఉన్నాయి. బావగారు పెంకులు దాచుకున్నారు. రైలెక్కుతూ ఆవిడ రాసిచ్చిన మందు ఒక్కటే: పూటకో అరగంట, పుంజు చంకలో ఉండాలి.

ఉదయం అరగంట దొరికేది ఆఫీసు మీటింగ్ వేళే. ఒక చేయి పుంజుకే సరిపోతుంది కాబట్టి వేలు చూపించడానికి లేదు. గొంతు పెంచితే అది గింజుకుంటుంది కాబట్టి అరవడానికీ లేదు. నాలుగో నంబరు పిక్కలు పట్టడం మానేసి నెలయింది. బావగారి టీమ్‌లో పిల్లలు మాత్రం సెలవు అడగబోయే ముందు ఒకరికొకరు మెసేజీ పెట్టుకుంటున్నారట: "సార్ చంకలో పుంజు ఉందా, లేదా?"